పొణికి కర్రలో తెలుగు లోకం

నూజివీడు మామిడి తోటలు దాటి పడమరకు మైలవరం దాకా వెళ్లి, అక్కడి నుంచి దక్షిణానికి తిరిగితే కొండపల్లి వస్తుంది. వేసవిలో నూజివీడు రసాలు, సంక్రాంతికి కొండపల్లి బొమ్మలు లేనిదే ఈ చుట్టుపక్కల ఇళ్లలో ఏడాది గడవదు.

కొండ మీది కోట 14వ శతాబ్దంలో రెడ్డిరాజులు కట్టించింది. కళింగ దండయాత్రలో శ్రీకృష్ణదేవరాయలు దాన్ని గెలిచాడు. ఆ తర్వాత గోల్కొండ సుల్తానులు, ఇంగ్లీషువాళ్లు ఏలారు. ఇప్పుడు కోట శిథిలమైంది. దాని నీడలో మొదలైన బొమ్మల పని మాత్రం నేటికీ సాగుతోంది. ఈ పని చేసే ఆర్యక్షత్రియులు తమ పెద్దలు 16వ శతాబ్దంలో రాజస్థాన్ నుంచి వచ్చారనీ, తమ మూలపురుషుడు ముక్తఋషి అనీ చెబుతారు.

బొమ్మకు కావలసింది తెల్లపొణికి కర్ర. దూదిలా తేలిక, ఉలికి ఇట్టే లొంగుతుంది. ముందు కర్రను ఆరబెట్టి, సన్నని సెగ మీద లోపలి తేమంతా పోగొడతారు. తల, మొండెం, చేతులు విడివిడిగా చెక్కుతారు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి నూరిన మక్కుతో వాటిని అతికిస్తారు. అతుకులను అదే మక్కుతో పూడ్చి, ఆకురాయితో నునుపు చేసి, సున్నం పూత వేస్తారు. అది ఆరాక మేక వెంట్రుకల కుంచెతో కన్నూ ముక్కూ దిద్దుతారు. దశావతారాలు, అంబారీ ఏనుగుల పక్కనే తాటిచెట్టెక్కే గీత కార్మికుడు, ఎడ్లబండి తోలే రైతు. సంక్రాంతి బొమ్మల కొలువులో దేవుడికీ పల్లెటూరి మనిషికీ ఒకే వరస!

కర్రలో తమ లోకాన్ని చెక్కుకున్న జాతి మరొకటి ఆఫ్రికాలోని మాలి దేశంలో ఉంది. బండియాగరా కొండచరియల్లో ఉండే డోగన్లకు కమ్మరే శిల్పి. ఇనుము సాగదీసే చేతులే పూర్వీకుల ప్రతిమలూ చెక్కుతాయి. చనిపోయినవారి ఆత్మలను సాగనంపే ‘దామా’ క్రతువులో ‘కనగా’ అనే ముసుగులు ధరించి నర్తిస్తారు. 1931లో బయలుదేరిన ఫ్రెంచి పరిశోధకుల బృందం మొదలు, ఎన్నో డోగన్ శిల్పాలు ఐరోపా మ్యూజియాలకు చేరాయి. అక్కడ వాటి అందం చూడవచ్చు. క్రతువు మాత్రం కొండచరియల్లోనే ఉండిపోయింది. ఆ ప్రాంతాన్ని యునెస్కో 1989లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

కొండపల్లి బొమ్మకూ 2006-07లో భౌగోళిక సూచిక (జీఐ) గుర్తింపు దక్కింది. నకిలీల నుంచి పేరును కాపాడుకోవడానికి అది ఆసరా. కానీ పనివాడి చేతికి కర్ర అందించడం ఆ గుర్తింపు పత్రం వల్ల కాదు. కొండల్లో పొణికి తరిగిపోతోంది. చెట్టు ఎదగడానికి ఏళ్లు పడుతుంది, కొట్టడానికి పూట చాలు. అడవిలో నాటిన ప్రతి మొక్కనూ కాపాడాలి. మామిడి అంట్లు కట్టి తోటలు పెంచిన రైతులున్న నేల ఇది. గట్ల మీద నాలుగు పొణికి మొక్కలకు చోటిస్తే రేపటి ఉలికి పని ఉంటుంది. ఇక కొనేవాళ్లం మనం. బొమ్మను అద్దాల బీరువాలో పెట్టి మరిచిపోకుండా, ఏటా కొలువు తీర్చి, ఏ బొమ్మ కథేమిటో పిల్లలకు చెప్పాలి. చెట్టూ పండుగా రెండూ నిలిస్తేనే ఈ కళ నిలుస్తుంది.