ఇంట్లో తెలుగు చదువు: రోజుకు అరగంట పాఠం ఎలా ఏర్పాటు చేసుకోవాలి

మన ఇళ్లలో చాలామంది పిల్లలకు తెలుగు మాట వచ్చు, రాత రాదు. హోసూరు, కోవిల్‌పట్టిలో తమిళ బడికి, బళ్లారి, కోలారులో కన్నడ బడికి, బరంపురం, రాయగడలో ఒడియా బడికి, షోలాపూరులో మరాఠీ బడికి, అన్ని చోట్లా ఇంగ్లీషు మీడియానికి పోయే పిల్లలు వీళ్లు. అమ్మమ్మతో తెలుగులోనే మాట్లాడతారు, అమ్మమ్మ పెట్టెలో దాచిన ఉత్తరం మాత్రం చదవలేరు. ఈ తరం చదవడం నేర్వకపోతే వచ్చే తరానికి మాట కూడా మిగలడం కష్టం.

రాజ్యాంగంలోని 350ఎ అధికరణం 1956లో ఏడో సవరణతో చేరింది. భాషా మైనారిటీల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధనకు తగిన వసతి కల్పించాలని అది చెబుతుంది. అయినా బడిలో తెలుగు దొరకని ఊళ్లే ఎక్కువ. తమిళనాడులో 2006 నాటి చట్టం ప్రకారం 2006-07లో ఒకటో తరగతితో మొదలుపెట్టి ఏటా ఒక్కో తరగతి చొప్పున పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి చేశారు. తెలుగుకు బడి గంటల్లో చోటు అక్కడ ఇంకా తగ్గింది. హక్కు కోసం అర్జీలు పెట్టడం సంఘాల పని, అది మానకూడదు. అర్జీకి జవాబు వచ్చేదాకా పిల్లల వయసు ఆగదు కాబట్టి ఇంట్లో చేయవలసిన పని ఇంట్లో చేసుకోవాలి. ఆదివారం తరగతులు నడిపిన అనుభవంతో, సభ్యులు తరచుగా అడిగే విషయాలను ఇక్కడ వరుసగా రాస్తున్నాము.

ఎంతసేపు, ఎప్పుడు

నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలకు 15 నిమిషాలు చాలు. ఏడు నుంచి పదేళ్ల వాళ్లకు 25 నిమిషాలు, ఆ పైవాళ్లకు అరగంట. ఆదివారం రెండు గంటలు కూర్చోబెట్టడం కంటే రోజూ 25 నిమిషాలే మేలు. వారానికి ఐదు రోజులు, ఏడాదికి 40 వారాలు లెక్క వేసుకున్నా 80 గంటలు దాటుతుంది. అక్షరం రాని పిల్ల కథల పుస్తకం చదివే స్థాయికి రావడానికి ఆ సమయం సరిపోతుంది.

గడియారం చూసి వేళ పెట్టుకోవడం కంటే ఇంట్లో రోజూ జరిగే ఒక పని వెంట పెట్టుకోండి. సాయంత్రం దీపం పెట్టగానే అనో, రాత్రి అన్నానికి ముందు అనో ఒకటే నిర్ణయించండి. ట్యూషన్ తర్వాత, నిద్ర ముంచుకొచ్చే వేళ పెడితే నిలవదు. బడి పరీక్షల వారంలో పాఠం ఆపవద్దు, పది నిమిషాలకు తగ్గించండి. పూర్తిగా ఆపిన పాఠం మళ్లీ మొదలుపెట్టడం చాలా ఇళ్లలో జరగదు.

అరగంటను ఎలా పంచాలి

మొదటి 5 నిమిషాలు: నిన్నటి అక్షరాలు, పదాలు పైకి చదివించడం. కొత్తది ఏమీ వద్దు.

తర్వాతి 10 నిమిషాలు: కొత్త పాఠం. అక్షరం ఒక్కటే చూపకుండా పిల్లకు తెలిసిన పదంతో చూపాలి. మాట ముందే వచ్చు కాబట్టి మన పిల్లలకు ఇది సులువు. ప చూపి 'పడవ' అంటే అర్థం చెప్పే పని ఉండదు.

తర్వాతి 10 నిమిషాలు: రాత. ఒకే అక్షరం పేజీ నిండా రాయించవద్దు. మూడుసార్లు అక్షరం, మూడు పదాలు, ఒక చిన్న వాక్యం చాలు. ఐదేళ్ల లోపు వాళ్లకు కాగితం వద్దు. పలక, బియ్యం పళ్లెం, ముగ్గుపిండి చాలు.

చివరి 5 నిమిషాలు: పెద్దవాళ్లు కథ చదివి వినిపించడం. రేపు మళ్లీ కూర్చోవాలనే ఆశ పుట్టేది ఇక్కడే. సమయం చాలకపోతే రాత తగ్గించండి, కథ తగ్గించవద్దు.

సోమ, మంగళ, బుధ వారాల్లో కొత్త పాఠం, గురు, శుక్ర వారాల్లో పాతవాటి పునశ్చరణ. శనివారం సెలవు. ఆదివారం చదువును ఇంటి పనిలో కలపండి: సరుకుల జాబితా, పెళ్లి పత్రిక, పంచాంగం, గుడి బోర్డు, ఏది దొరికితే అది చదివించండి.

40 వారాల ప్రణాళిక

1 నుంచి 10 వారాలు: అక్షరాలు. క నుంచి మ వరకు ఐదు వర్గాలు, వర్గానికి ఐదు చొప్పున 25. య నుంచి మిగిలినవి, అచ్చులు కలిపితే వాడుకలో ఉన్నవి దాదాపు 50. వారానికి ఆరు నేర్పితే పది వారాల లోపే అవుతాయి. ఌ, ౡ లాంటివి ఇప్పుడు వద్దు. ఒత్తక్షరాలు ఖ, ఘ, ఛ, ఝ, ఠ, ఢ వంటివి చివరికి ఉంచండి. ఇంటి మాటల్లో అవి తక్కువ.

11 నుంచి 18 వారాలు: గుణింతాలు. వారానికి రెండు గుర్తులు. క గుణింతం అంతా ఒకేసారి బట్టీ పట్టించే బదులు, ఒక గుర్తును అన్ని హల్లులకూ పెట్టించండి. దీర్ఘం నేర్పిన వారం కాకి, పాట, గాలి, మామ చదివిస్తే అక్షరం, గుర్తు రెండూ నిలుస్తాయి.

19 నుంచి 28 వారాలు: ఒత్తులు. మన లిపిలో కష్టమైన భాగం ఇదే. చాలా ఒత్తులు తలకట్టు తీసిన అక్షరంలాగే ఉంటాయి. త, న, మ, య, ర, ల ఒత్తులు మాత్రం అక్షరం రూపాన్ని పూర్తిగా వదిలేస్తాయి. అందుకే ముందు ఆ ఆరే నేర్పండి. అత్త, అన్న, అమ్మ, అయ్య, కర్ర, పిల్ల అనే ఆరు మాటల్లో ఆరూ వచ్చేస్తాయి. జంట అక్షరాలు బాగా వచ్చాకే భక్తి, పద్యం, సూర్యుడు లాంటి సంయుక్తాక్షరాలకు వెళ్లండి.

29 నుంచి 40 వారాలు: చదవడం. రోజుకు ఒక పేజీ, వారానికి ఒక చిన్న కథ. రాతలో వారానికి ఐదు వాక్యాల ఉత్తరం ఒకటి, ఊళ్లో ఉన్న తాతకో పిన్నికో నిజంగా పంపేది.

బడి భాషను బట్టి మార్పులు

తమిళ బడి పిల్లలకు: తమిళ లిపిలో క, ఖ, గ, ఘలకు ఒకటే అక్షరం. పిల్ల నోట గాలి అని సరిగ్గానే పలుకుతుంది, రాసేటప్పుడు కాలి అని రాస్తుంది. కాలి-గాలి, పాట-బాట, చల్లు-జల్లు లాంటి జంటలు రోజూ చెప్పి రాయించండి. తమిళంలో హల్లు మీద చుక్క పెట్టి పక్కపక్కనే రాస్తారు, కింద ఒత్తు రాయరు. ఒత్తులకు రెండు వారాలు అదనంగా పెట్టుకోండి.

కన్నడ బడి పిల్లలకు: రెండూ అక్కచెల్లెళ్ల లాంటి లిపులు. వరుస అదే, ఒత్తు కింద రాసే పద్ధతి అదే. పదివారాల అక్షర పాఠాన్ని మూడు నాలుగు వారాల్లో ముగించవచ్చు. తలకట్టు, క, త, శ వంటి తేడా ఉన్న అక్షరాల మీదే సమయం పెట్టండి. మన పాలు అక్కడ హాలు, మన పులి అక్కడ హులి అని చూపిస్తే పిల్లలు ఆటలా పట్టుకుంటారు.

ఒడియా, మరాఠీ బడి పిల్లలకు: ఒత్తక్షరాలు వాళ్లకు ముందే వచ్చు. ఆ లిపుల్లో ఎ-ఏ, ఒ-ఓ తేడా చూపే వేర్వేరు అక్షరాలు లేవు. నెల-నేల, మెడ-మేడ, కొన-కోన జంటలు బాగా చదివించాలి. మరాఠీలో పదం చివరి అకారం పలకరు కాబట్టి పడవను 'పడవ్' అని చదువుతారు. ఒడియాలో అకారం కొంచెం ఒకారంలా పలుకుతుంది. చదివేటప్పుడు మెల్లగా సరిచేస్తే రెండు నెలల్లో పోతుంది.

యానాం పిల్లలకు: చుట్టూ తెలుగే కాబట్టి మాటకు, అక్షరానికి లోటు లేదు. ఇంగ్లీషు మీడియం పిల్లలు కథల పుస్తకం తెరవడం లేదన్నదే చిక్కు. వాళ్లు 29వ వారం నుంచి మొదలుపెట్టవచ్చు.

ఇంటి తెలుగు తప్పు కాదు

'వచ్చినాను, పోయినాను' అని మాట్లాడే పిల్ల పుస్తకంలో 'వచ్చాను, వెళ్లాను' చూసి, నా తెలుగు తప్పా అని అడుగుతుంది. ఈ ప్రశ్నకు జవాబు సరిగ్గా చెప్పకపోతే ఆ పిల్ల తెలుగు మాట్లాడటమే తగ్గిస్తుంది. ఇంట్లో అనేది ఇలా, పుస్తకంలో రాసేది అలా, రెండూ మనవే అని చెప్పండి. ఏటా ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకునేది గిడుగు రామమూర్తి పుట్టినరోజు కాబట్టి. జనం మాట్లాడే భాషే చదువులో ఉండాలని పోరాడిన ఆయన పంతులుగా పనిచేసింది నేటి ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో. బయటి తెలుగువాళ్లం తలెత్తుకుని చెప్పుకోవలసిన మాట ఇది.

పెద్దలకే చదవడం రాకపోతే

తెలుగును తమిళ లిపిలోనో కన్నడ లిపిలోనో రాసుకునే తల్లిదండ్రులు మన ఇళ్లలో చాలామంది. సిగ్గుపడవలసింది లేదు. పిల్ల కంటే ఒక వారం ముందుంటే చాలు: ఆదివారం మీరు ఆరు అక్షరాలు నేర్చుకోండి, సోమవారం నుంచి అవే నేర్పండి. అవ్వాతాతలకు అక్షరం రాకపోయినా కథ చెప్పే ఐదు నిమిషాలు వాళ్లకు అప్పగించండి. వీధిలో నాలుగు తెలుగు ఇళ్లుంటే ఇంటికి ఒక రోజు చొప్పున పంచుకోవచ్చు.

పుస్తకాలు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాల తెలుగు వాచకాలు ఇంటర్నెట్లో ఉచితంగా దొరుకుతాయి. తమిళనాడు, కర్ణాటక ప్రభుత్వాలు కూడా మైనారిటీ భాషగా తెలుగు వాచకాలు ప్రచురిస్తాయి. ఏదో ఒక వరుస పట్టుకోండి, రెండూ కలపవద్దు. పెద్ద బాలశిక్ష ఇంట్లో ఉండదగినదే గాని మొదటి ఏడాది వాచకంగా బరువవుతుంది. కథలకు పాత చందమామలు మంచివి. ఆ పత్రిక 1947 జూలైలో పుట్టింది మద్రాసులోనే. కర్ణాటక సంగీతం నేర్చుకునే పిల్లలుంటే త్యాగరాజ కీర్తనల సాహిత్యాన్ని తెలుగు లిపిలోనే రాసుకోమనండి. అది విడిగా పాఠం అక్కర లేని పాఠం.

పూర్తిగా ఇంట్లోనే చదివే పిల్లలకు

బడికి పంపకుండా ఇంట్లోనే అన్ని పాఠాలూ చెప్పే కుటుంబాలు కొన్ని ఉన్నాయి. వాళ్లకు జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, అంటే ఎన్‌ఐఓఎస్, దారి చూపుతుంది. అందులో ప్రాథమిక విద్యకు మూడు, ఐదు, ఎనిమిది తరగతులతో సమానమైన మూడు స్థాయిలున్నాయి. పదో తరగతి పరీక్షకు 14 ఏళ్లు నిండాలి, తెలుగును భాషగా తీసుకోవచ్చు. ఈ పిల్లలకు ఉదయం లెక్కలు, తెలుగు, మధ్యాహ్నం సైన్సు, సాంఘికం, సాయంత్రం ఆట అని వేళలు విడదీయండి. పాఠం 40 నిమిషాలకు మించకూడదు. పదేళ్ల లోపు వాళ్లకు మొత్తం మూడు నాలుగు గంటలు చాలు. ఆ రాష్ట్ర భాషను మాత్రం వదలవద్దు, అది పిల్లల బతుకుతెరువు భాష.

రిజిస్టరు

ఒక నోటుబుక్కులో నాలుగు గళ్లు గీయండి: తేదీ, పాఠం, చదివిన పదాలు, తడబడిన అక్షరాలు. రోజుకు ఒక వరుస. శుక్రవారం పునశ్చరణ నాలుగో గడిలో ఉన్నవాటి నుంచే చేయండి. ఒకే అక్షరం మూడు వారాలు వరుసగా ఆ గడిలో కనిపిస్తే కొత్త పాఠం ఆపి దాన్నే పట్టుకోండి. ఖాళీ వరుసలు ఎక్కువైతే పిల్లను తిట్టకుండా వేళ మార్చి చూడండి.

ఏడాది చివర మార్కులు వేయవలసిన పని లేదు. మూడు పనులు చేయగలిగితే చాలు: పెళ్లి పత్రిక తడబడకుండా చదవడం, చందమామ కథ ఒకటి చదివి సొంత మాటల్లో చెప్పడం, చుట్టాలకు ఐదు వాక్యాల ఉత్తరం రాయడం. సోమవారం మొదలుపెట్టదలచినవారు ఆదివారమే పలక, నోటుబుక్కు, ఒకటో తరగతి వాచకం సిద్ధం చేసుకోండి. మీ ఊరి తెలుగు సంఘంలో వాచకాలు ఉన్నాయేమో ముందు అడగండి. లేకపోతే తెప్పించమనండి, అది సంఘం బాధ్యతే.