కడప బండల మీద యాసిడ్ పోస్తున్నారా? ఆ నురగ మురికిది కాదు!

పండగ దగ్గరపడితే రాజుపాలెం, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు చాలా ఇళ్లల్లో ఒకటే పని. వసారా, వాకిలి, మేడ మీద పరిచిన బండలన్నీ కడిగేయడం. జిడ్డు ఎంతకీ వదలకపోతే అంగడికెళ్లి బాత్‌రూమ్ యాసిడ్ సీసా తెచ్చి పోసేస్తుంటారు. పోయగానే బుస్సుమని నురగ పొంగుతుంది. మురికి వదులుతోందని సంతోషపడతాం. నిజానికి అక్కడ కరిగిపోతున్నది రాయి.

మనం నాపరాయి అని పిలిచే కడప బండ సున్నపురాయి జాతిది. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు చుట్టుపక్కల సిమెంట్ ఫ్యాక్టరీలు వచ్చింది కూడా ఈ సున్నపురాయి కోసమే. ఇందులో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేట్. బాత్‌రూమ్ యాసిడ్‌లో సాధారణంగా ఉండే హైడ్రోక్లోరిక్ యాసిడ్ దీనికి తగిలితే కార్బన్ డయాక్సైడ్ బుడగలు వస్తాయి. జియాలజీ విద్యార్థులు సున్నపురాయిని గుర్తుపట్టేది కూడా ఈ బుడగలతోనే.

పైపొర కరిగాక నల్ల బండ బూడిద రంగుకు తిరుగుతుంది. నున్నగా ఉన్నది గరుకవుతుంది. ఆ గరుకులో దుమ్ము ఇంకా తొందరగా పట్టుకుంటుంది. వచ్చే పండక్కి మళ్లీ యాసిడ్. తాండూరు, షాబాదు, బేతంచెర్ల బండలకూ ఇదే గతి. గండికోట లోయలో కనిపించే ఎర్రరాయి మాత్రం క్వార్ట్‌జైట్, దాన్ని ఈ యాసిడ్ పెద్దగా ఏమీ చేయలేదు. కాబట్టి ‘పక్కింట్లో పోశారు, ఏం కాలేదు’ అనే మాట నమ్మే ముందు అక్కడున్నది ఏ రాయో చూసుకోవాలి. అన్నట్టు, చింతపండు, నిమ్మరసం కూడా ఆమ్లాలే. ఇత్తడి బిందెలు బండ మీద పెట్టి చింతపండుతో తోమితే మచ్చలు పడేది అందుకే.

బ్లీచింగ్‌తో కలిపితే ప్రాణాలకే ముప్పు

బండ పాడైతే డబ్బుతో పోతుంది. అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకోటుంది. యాసిడ్ పోసిన చోటే ‘ఇంకా తెల్లగా వస్తుంది’ అని బ్లీచింగ్ పౌడర్ చల్లితే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. అది గాలి కన్నా బరువు. నేలకు దగ్గరగా నిలుస్తుంది. వంగి బ్రష్ కొట్టే మనిషి ముఖం ఉండేది సరిగ్గా అక్కడే. కళ్లు మండి, దగ్గు, ఆయాసం మొదలైతే కడగడం ఆపి వెంటనే ఆరుబయటకు రావాలి. ఊపిరి ఆడకపోతే 108కి ఫోన్ చేయండి.

స్విమ్మింగ్ పూల్ ఉన్న చోట మరింత జాగ్రత్త కావాలి. నీటి పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉంచడానికి యాసిడ్, క్రిములు చావడానికి క్లోరిన్ రెండూ వాడతారు. రెండు డబ్బాలూ ఒకే మూలన పెట్టకూడదు, ఒకే మగ్గుతో తీయకూడదు.

మరి ఎలా కడగాలి?

ముందు పొడి చీపురుతో ఊడ్వండి. మన వైపు నల్లరేగడి దుమ్ము తడిస్తే బంకలా పట్టేస్తుంది. తర్వాత బకెట్ నీళ్లలో కొద్దిగా గిన్నెలు తోమే లిక్విడ్ (నిమ్మ పులుపు లేనిది చూసుకోండి) కలిపి నైలాన్ బ్రష్‌తో రుద్దాలి. ఇనుప బ్రష్ వద్దు. సబ్బు పూర్తిగా పోయేలా కడిగి, నీళ్లు నిలవకుండా లాగేయాలి. బోరు నీళ్లు బండ మీదే ఆరితే తెల్లటి ఉప్పు చారలు మిగులుతాయి.

నూనె మరకకు సుద్ద పొడిని లిక్విడ్‌తో ముద్దలా కలిపి పట్టించి, పైన పాలిథిన్ కవర్ కప్పి రాత్రంతా ఉంచండి. ఆరాక గీకేయొచ్చు. పాత మరకైతే రెండు మూడుసార్లు పడుతుంది. గడప దగ్గర పసుపు మరక సబ్బు తగిలి ఎర్రబడితే కంగారొద్దు, ఎండకు మెల్లగా వెలిసిపోతుంది. పాచికి మాత్రం పల్చటి బ్లీచింగ్ నీళ్లు పని చేస్తాయి. పది నిమిషాలుంచి, రుద్ది, బాగా కడగాలి. ఆ రోజు అక్కడ యాసిడ్ వాసన కూడా ఉండకూడదు.

సిమెంట్ పేవర్లకూ యాసిడ్ పడదు, సిమెంట్‌ను కూడా అది తినేస్తుంది. ప్రెషర్ మిషన్ వాడితే నాజిల్‌ను కనీసం ఒక అడుగు దూరంలో పట్టుకుని, ధార వెడల్పుగా వచ్చేలా పెట్టాలి. సన్న ధార పెడితే సందుల్లోని ఇసుక లేచిపోయి, కొన్నాళ్లకు పేవర్లు కదులుతాయి. కడిగి ఆరాక సన్న ఇసుక చల్లి సందుల్లోకి ఊడ్చేయడం చాలామంది మర్చిపోయే పని. కూలి మాట్లాడుకునేటప్పుడే ఇది, ‘యాసిడ్ వాడొద్దు’ అన్న మాట రెండూ చెప్పేయండి.

ఇప్పటికే యాసిడ్ తిన్న బండలకు మిషన్ పాలిష్ తప్ప వేరే దారి లేదు. కొందరు నల్లదనం కోసం నూనె రాస్తారు, నాలుగు రోజులు మెరిసి దుమ్మంతా అంటుకుంటుంది. రాయిలోకి ఇంకే సీలర్ మేలు. అయితే బండ పూర్తిగా ఆరాకే, ముందు ఒక మూలన పూసి చూడాలి. తర్వాత అప్పుడప్పుడు ఒక నీటి చుక్క వేసి గమనించండి. చుక్క నిలవకుండా ఇంకిపోయి తడి మచ్చ పడిందంటే సీలర్ అయిపోయినట్టే, మళ్లీ ఒక కోటింగ్ వేయించాలి.