సున్నం నుంచి లప్పం దాకా: చెన్నూరు గోడల కథ

చెన్నూరు దగ్గర గోదావరి ఉత్తరానికి మళ్లి పారుతుంది. ఆ ఉత్తరవాహిని వల్లే ఊరికి క్షేత్రమన్న పేరు వచ్చింది. ఇంటి గోడకు మాత్రం ఏటి పక్కనుండడమంటే చెమ్మతో కాపురమే. ఈ ప్రాంతపు గోడలు నడిచి వచ్చిన దారి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. పూత పలచబడ్డకొద్దీ దాని కిందున్న గోడను సిద్ధం చేసే పని పెరుగుతూ వచ్చింది.

రంగుకు ముందు గోడను తీర్చిదిద్దాలన్న ఆలోచన పాతదే. కాకతీయులు సామంతులుగా కొలిచిన కల్యాణి చాళుక్యుల వంశంలో మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో 'మానసోల్లాసం' రాశాడు. గేదె తోలును మెత్తగా ఉడికించి తీసిన జిగురు పేరు వజ్రలేపం. దాన్ని తెల్లమట్టిలో కలిపి, ఆరిన గోడకు మూడు పూతలు వేయాలని అందులో ఉంది. అది రాజుల చిత్రశాలల మాట.

ఊరి జనం ఇల్లు వేరు. వరిగడ్డి తుంపులు కలిపి తొక్కిన మన్నుతో పెట్టిన గోడ అది. ఆదిలాబాద్ గోండు గూడేల్లోనైతే వెదురు తడికకు మెత్తిన మట్టి. పండుగ దగ్గర పడిందంటే ఇంటి ఆడవాళ్లు పగుళ్లలో తడిమన్ను కూరి, పేడ కలిపిన మట్టితో అలికి, ఆరాక ఎర్రమన్నో సుద్దో పూసేవారు. గోడ బాగుచేయడం, రంగు వేయడం వేర్వేరు పనులు కావు. రెండూ ఒకే చేతి మీద సాగేవి. ఆ చేతికి కూలి లెక్క లేదు, అందుకే ఏ పద్దులోనూ ఎక్కలేదు.

గడీలకు, గుళ్లకు, కలిగినవాళ్ల ఇళ్లకు డంగు సున్నం ఉండేది. ఎడ్లు తిప్పే రాతి చక్రం కింద ఇసుకా సున్నమూ నలిగేవి. గట్టిదనం కోసం కరక్కాయ నీళ్లు, బెల్లం కలిపేవారు. ఆ గోడల మీదికి వెల్ల వచ్చేది. కాల్చిన సున్నపురాళ్లను గోలెంలో వేసి నీళ్లు పోస్తే కుతకుతా ఉడికి, పగిలి, తెల్లటి ముద్ద అయ్యేవి. దాన్ని నాననిచ్చి, గుడ్డలో వడగట్టి, కాస్త జిగురు, చిటికెడు నీలిమందు కలిపి కుంచెతో కొట్టేవారు. ముందు చేయాల్సిందల్లా పెచ్చులు గీకడం, దుమ్ము దులపడం, గోడ మీద నీళ్లు చల్లడం. మిగతాదంతా సున్నమే చూసుకునేది. సన్న పగుళ్లను పూడ్చేది, క్షారగుణంతో బూజును ఆపేది, గోడలోని చెమ్మను బయటికి పోనిచ్చేది. గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని మెల్లగా మళ్లీ రాయిగా మారేది. ఏటేటా పడే పూత మరుసటి ఏటి పూతకు పునాది.

అదే సున్నపురాయి తర్వాత సిమెంటు అయింది. మంచిర్యాలలో 1958లో, బసంత్‌నగర్‌లో 1969లో, దేవాపూర్‌లో 1982లో ఫ్యాక్టరీలు మొదలయ్యాయి. సిమెంటు ప్లాస్టరు గట్టిది, కానీ తొందరపెడితే పగ పడుతుంది. పూర్తిగా ఆరకముందే రంగేస్తే లోపలి ఉప్పు తెల్లగా పొంగి పూతను లేపేస్తుంది. అందుకే నీళ్లు కొట్టి, కనీసం 28 రోజులు ఆగాలన్న నియమం వచ్చింది. సున్నానికి బదులు డిస్టెంపరు, ఆపై ఎమల్షన్ దిగాయి. ఎమల్షన్ పొర ఆరాక వెంట్రుక మందం కూడా మిగలదు. అది దేన్నీ కప్పదు, ఉన్న వంకరను ఇంకా ఎత్తి చూపుతుంది.

అక్కడే గోడ వంకరలను పూడ్చి నునుపు చేసే లప్పం పని పెద్దదైంది. మొదట్లో పెయింటర్లు సుద్దపొడిలో నూనో వార్నిషో కలిపి సొంతంగా చేసుకునేవారు. రాజస్థాన్‌లో 1984లో గోటన్‌లో, 1988లో ఖరియా ఖంగార్‌లో తెల్ల సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చాక, తర్వాతి కాలంలో ఆ సిమెంటుతో చేసిన లప్పం సంచులు ఊరూరా అంగళ్లకు చేరాయి. పని వరుస ఇప్పుడు స్థిరపడింది. గీకడం, గోడ తడపడం, రేకుతో రెండు చేతులు లప్పం లాగడం, గరుకు కాగితంతో రుద్దడం, దుమ్ము తుడవడం, ప్రైమరు. అనుభవమున్న పెయింటరు వెలిగే బల్బును గోడకు ఆనించినట్టు పక్కనుంచి పట్టి చూస్తాడు. ఎదుటినుంచి కనిపించని గుంతలన్నీ ఆ ఏటవాలు వెలుతురులో నీడలై తేలుతాయి. వాటికి మళ్లీ లప్పం.

ఈ నునుపుకు ఖరీదు చెల్లించేది రుద్దేవాడి ఊపిరితిత్తులు. మూతికి రుమాలు కట్టుకుంటే సన్నదుమ్ము ఆగదు, సరైన మాస్కు కావాలి. పాత ఆయిల్ పెయింటు గీకేటప్పుడు భయం ఇంకొకటి, సీసం. ఇళ్ల రంగుల్లో దాన్ని 90 పీపీఎంకు కట్టడి చేసిన నియమాలు 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చాయి. అంతకుముందటి పొరలను తడిపి గీకడమే మేలు.

చెన్నూరు లాంటి ఊళ్లో మట్టిగోడ, సున్నపుగోడ, సిమెంటుగోడ ఒకే వీధిలో ఉంటాయి, ఒక్కోసారి ఒకే ఇంట్లో ఉంటాయి. అన్నిటికీ ఒకే లప్పం లాగితే పాత గోడలో చెమ్మ బిగుసుకుపోయి రెండు వానాకాలాలకే పెచ్చులు రాలతాయి. ఆ గోడకు ఇప్పటికీ సున్నమే తగిన పూత. రంగుల కార్డు తిరగేసే ముందు గోడ దేనితో కట్టిందో, చెమ్మ ఎక్కణ్నుంచి ఎక్కుతోందో తేల్చుకుంటే సగం ఖర్చు అక్కడే మిగులుతుంది.