పిల్లి పంటిలో కోళ్ల కలరా క్రిమి

"పెద్ద దెబ్బేం కాదు డాక్టరుగారూ, నాలుగు ఈకలు ఊడాయంతే." పిల్లి నోట్లోంచి విడిపించిన కాకటీల్ చిలకను తెచ్చేవాళ్లు ఎక్కువగా అనే మాట ఇది. పశువుల డాక్టరుగా నాకు భయం పుట్టించే మాట కూడా ఇదే. ఆ భయం వెనక 140 ఏళ్లు దాటిన కథ ఉంది.

ఫ్రాన్స్‌లో అప్పట్లో కోళ్ల కలరా దొడ్లకు దొడ్లు ఖాళీ చేసేది. టూలూజ్ పశువైద్య కళాశాల ఆచార్యుడు హెన్రీ టూసాన్ ఆ క్రిమిని పట్టుకుని లూయీ పాస్టర్‌కు అందించాడు. పాస్టర్ దాన్ని కోడిమాంసం రసంలో పెంచాడు. నిలవుండి బలం తగ్గిన క్రిమిని ఎక్కిస్తే కోళ్లు చావలేదు సరికదా, తర్వాత తాజా క్రిమినీ తట్టుకున్నాయి. 1880లో ఆయన ఈ సంగతి ప్రకటించాడు. క్రిమికి పాస్టర్ పేరే దక్కింది: పాస్ట్యురెల్లా. టూసాన్‌ను తలుచుకునేవాళ్లు తక్కువ. అది అన్యాయమనే నా అభిప్రాయం.

ఈ క్రిమి కుందేళ్లనూ చంపుతుంది. 1887లో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం కుందేళ్ల బెడద వదిలించే ఉపాయానికి 25,000 పౌండ్ల బహుమానం ప్రకటించింది. మరుసటి ఏడు పాస్టర్ మనుషులు క్రిమితో సిడ్నీ చేరారు. అక్కడి రాడ్ ద్వీపంలో పరీక్షలు జరిగాయి. కుందేలు నుంచి కుందేలుకు జబ్బు అనుకున్నంతగా పాకలేదు. పక్షులకు మాత్రం ముప్పేనని తేలింది. ఈ ఉపాయాన్ని పరిశీలించిన విచారణ సంఘం వద్దంది. చిలకల దేశమది, కాకటీల్ పుట్టిల్లు కూడా. ఆ సంఘానికి మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

అక్కడ వద్దన్న క్రిమి మన ఇళ్లలో పిల్లి నోట్లో హాయిగా కాపురముంటుంది, పిల్లికి ఏ హానీ చేయకుండా. కుక్క నోట్లోనూ ఉంటుంది. పిల్లి కోర సూదిలా దిగుతుంది, పైన చర్మం మూసుకుపోతుంది, లోపల క్రిమి నెత్తుట్లో కలుస్తుంది. ఒకటి రెండు రోజుల్లో పక్షి పోతుంది. పిల్లి గోళ్లు నాక్కుంటుంది కాబట్టి గీరినా ప్రమాదమే.

మన ఎంగిలి సంగతీ చెప్పాలి. పెదాల మధ్య జామముక్క పెట్టుకుని చిలకకు అందించడం ముద్దుగానే ఉంటుంది. కానీ మన నోటి క్రిములు, చిలక పేగులో ఉండాల్సిన క్రిములు వేరు. ముక్క చేత్తోనే ఇవ్వండి.

పిల్లి పట్టిన పక్షిని మాత్రం, గాటు కనబడకపోయినా, వెంటనే తీసుకురండి. యాంటీబయాటిక్ తొలి గంటల్లో పడితే బతికించుకునే వీలుంటుంది.