బంగారు తీగ – తల వెంట్రుక

‘గాలం వెయ్యడం’ అనే మాటను మనం కచేరీల్లో పనిచేసిన రోజుల్లో చేపల విషయంలో కంటే మనుషుల విషయంలోనే ఎక్కువగా వాడాం. ఎవరు ఎవరికి ఏ ఎర వేశారో చెప్పాలంటే ఈ ప్రత్యేక సంచిక చాలదు. కనుక అసలు గాలం గురించే నాలుగు ముక్కలు రాస్తాను. మత్స్యశాఖలో గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. చెరువుల వేలం ఫైళ్ళలో బొచ్చె, శీలావతి, ఎర్రమోసు, బంగారు తీగ అని రాసీ రాసీ చెయ్యి అరిగింది. ఈ జాతి చేపలను గాలంతో పట్టే విద్యలో గత శతాబ్దంలో వచ్చిన మార్పులన్నింటిలోకీ పెద్దది ఇంగ్లండులో వచ్చిందనీ, అది ఒక తల వెంట్రుకతో వచ్చిందనీ నా అభిప్రాయం.

ముందు చేప సంగతి. మనం బంగారు తీగ అని పిలిచే చేపే దొరల ‘కామన్ కార్ప్’. అది మన దేశపు చేప కాదు. 1939లో సింహళం నుంచి నీలగిరులకు ఒక రకం, 1957లో బ్యాంకాక్ నుంచి కటకానికి మరో రకం వచ్చాయి. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు దీనికి జ్ఞాతులే. ఇంగ్లండుకు కూడా ఇది వలస వచ్చిన చేపే. 1653లో ఐజాక్ వాల్టన్ గాలపు వేట మీద రాసిన గ్రంథంలో దీనికొక అధ్యాయం ఇచ్చాడు. మన వైపు చూస్తే, మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సల్లివాన్ థామస్ అనే దొర 1873లో ఇండియాలో గాలపు వేటను గురించీ, 1887లో ప్రత్యేకించి చెరువుల్లో వేటను గురించీ పుస్తకాలు రాశాడు. జమాబందీ లెక్కల మధ్య ఆయనకు తీరిక ఎలా చిక్కిందో తెలియదు గాని, పని మాత్రం శ్రద్ధగా చేశాడు.

కార్పును గాలంతో పట్టడం దాదాపు అసాధ్యమని ఇంగ్లండులో చాలాకాలం నమ్మారు. కారణం దాని నోటిలో ఉంది. ఈ చేపకు దవడలకు పళ్ళుండవు, గొంతులో ఉంటాయి. నత్తలను నమిలేది ఆ గొంతు పళ్ళతోనే. నోటిని గొట్టంలా ముందుకు చాచి, అడుగున ఉన్నదాన్ని నీటితో సహా పీలుస్తుంది. పనికిరానిదైతే అదే వేగంతో బయటికి ఊదేస్తుంది. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు రోజంతా దానికి ఇదే పని. పాత పద్ధతిలో రొట్టె ముద్దనో, ఉడికీ ఉడకని బంగాళాదుంప ముక్కనో గాలానికి గుచ్చి, ఇనుము కనబడకుండా కప్పేవారు. మనం పిండిముద్దతో చేసేదీ అదే. చేప పీలుస్తుంది, లోపల ఏదో గట్టిగా తగులుతుంది, ఊదేస్తుంది. గట్టు మీదివాడికి బెండు ఒక్కసారి వణికినట్టు కనబడుతుంది, అంతే. లాగితే ఉత్త గాలం.

అయినా పట్టినవాళ్ళు లేకపోలేదు. 1930లో పట్టిన 26 పౌండ్ల చేప ఇరవై ఏళ్ళకు పైగా అక్కడి రికార్డుగా నిలిచింది. 1934లో హెర్ఫర్డ్‌షైర్‌లోని రెడ్‌మైర్ అనే మూడెకరాల పాటి మడుగులో 50 చేప పిల్లలను వదిలారు. 1951లో ఆ మడుగు నుంచే 31 పౌండ్ల చేప వచ్చింది. 1952 సెప్టెంబరు 13న రిచర్డ్ వాకర్ అదే మడుగులో 44 పౌండ్ల చేపను, అంటే ఇరవై కిలోలదాన్ని పట్టాడు. దాన్ని కోయలేదు, లండన్ జూకు ఇచ్చాడు. క్లరిస్సా అన్న పేరుతో అది 1971 దాకా అక్కడి అక్వేరియంలో బ్రతికింది. ఎరను ఊదేసే చేపలు మాత్రం ఊదేస్తూనే ఉన్నాయి.

తరువాత ఎర మారింది. ఫ్రెడ్ విల్టన్ మొదలైనవాళ్ళు మాంసకృత్తులు ఎక్కువగా ఉన్న పిండిని గుడ్డు సొనతో కలిపి, ఉండలు చుట్టి, ఒకటి రెండు నిమిషాలు మరిగే నీళ్ళలో వేసి తీయడం నేర్పారు. వాటినే బాయిలీ అంటారు. మన ఇళ్ళలో ఆడవాళ్ళకు ఇది చెప్పనక్కరలేదు, ఉండ్రాళ్ళ వంటిదే. పైన పొర గట్టిపడుతుంది కనుక చిన్న చేపలు పొడిచి పాడుచేయలేవు. కాని గాలం అంత గట్టి ఉండలో దిగబడితే, దాని మొన చేప పెదవికి తగిలేదెట్లా?

1970ల చివర లెన్నీ మిడిల్టన్ అనే ఆయన ఇంట్లో గాజు తొట్టిలో కార్పులను పెంచుతూ, అవి తినే తీరు గమనించాడు. మిత్రుడు కెవిన్ మాడక్స్ ఆయనకు తోడు. విడిగా పడ్డ ఎరను చేపలు ధైర్యంగా పీల్చుకునేవి. గాలానికి గుచ్చినదాన్ని అనుమానించి ఊదేసేవి. అట్లయితే ఎరను గాలానికి గుచ్చడమెందుకు? గాలం వంపు కింద ఒక తల వెంట్రుక కట్టి, దాని కొసకు ఎరను వేలాడదీశారు. గాలం మొత్తం ఖాళీగా, బాహాటంగా ఉంది! ఎర స్వేచ్ఛగా కదులుతుంది, చేప లోపలికి పీల్చుకుంటుంది, వెనకే గాలమూ వెళుతుంది. ఊదేటప్పుడు ఎర ముందు బయటికి వస్తుంది, మొన కింది పెదవిలో దిగుతుంది. గుచ్చుకున్న చేప బెదిరి పరుగు తీస్తే, తాడుకున్న సీసపు గుండు బరువే గాలాన్ని ఇంకా లోతుకు దించుతుంది. కొంతకాలం గుట్టుగా ఉంచి, 1981లో మాడక్స్ తన పుస్తకంలో దీన్ని బయటపెట్టాడు. ‘హెయిర్ రిగ్’ అనే పేరు స్థిరపడింది.

నిజం వెంట్రుక త్వరలోనే పోయింది. సన్నని నైలాను వచ్చింది, తరువాత గాలానికి కట్టే దారం కొసనే వెంట్రుకగా వాడడం అలవాటైంది. కట్టే విధానం ఇది. జానెడున్నర అల్లిక దారం తీసుకుని ఒక కొసన చిన్న ఉచ్చు ముడి వేయాలి. క్రోషా సూది వంటి కొక్కెపు సూదిని ఉండ మధ్యగా గుచ్చి, ఆ ఉచ్చును తగిలించి, ఉండను దారం మీదికి లాగాలి. అది జారిపోకుండా ఉచ్చులో ఒక చిన్న ప్లాస్టిక్ పుల్లను గాని, గట్టి గడ్డిపరక ముక్కను గాని అడ్డు పెట్టాలి. రెండో కొసను గాలం కన్నులో వీపు వైపు నుంచి మొన వైపుకు దూర్చి, గాలం వంపుకూ ఉండకూ మధ్య వరిగింజంత ఎడం ఉండేటట్టు సర్దాలి. ఉండ వైపు దారాన్ని గాలం కాడ వెంట బొటనవేలితో అదిమి పట్టి, పొడుగు కొసను కన్ను దగ్గర మొదలుపెట్టి కిందికి ఏడెనిమిది చుట్లు, ఒకదాని పక్కన ఒకటి చుట్టాలి. తరువాత ఆ కొసను మళ్ళీ వీపు వైపు నుంచే కన్నులో దూర్చి, తడిపి, మెల్లగా బిగించాలి. ఆ కొస మొన వైపుకు రావడం ముఖ్యం, అప్పుడే గాలం నోట్లో తిరిగి కుదురుకుంటుంది. తిరగేసి దూరిస్తే ఇంత శ్రమా వృథా. ఫైలుకు ట్యాగు కట్టిన చేతులకు ఇది పెద్ద కష్టం కాదు, కళ్ళజోడు మాత్రం కావాలి.

వెంట్రుక లేనిదే పెద్ద చేప రాదని కాదు. 1980 జూన్‌లో క్రిస్ యేట్స్ అదే రెడ్‌మైర్ మడుగులో, చీల్చిన వెదురుతో చేసిన పాతకాలపు కర్రతో, మొక్కజొన్న గింజలు గుచ్చి 51½ పౌండ్ల చేపను పట్టి వాకర్ రికార్డు దాటాడు. అయితే అది యేట్స్ ఓర్పు. వెంట్రుక కట్టు వచ్చాక సామాన్యుడికీ చేప చిక్కింది. చేప తనంతట తానే గుచ్చుకుంటున్నప్పుడు వేటగాడి నేర్పేముందని పాతకాపులు విసుక్కున్నారు. ఆ మాటలో కొంత సత్యముంది. కాని తొట్టి ముందు కూర్చుని చూసినవాడి నేర్పును నేను తక్కువ చెయ్యలేను. అంతకు ముందు తరాలవాళ్ళు చేప తెలివినే తిట్టుకున్నారు గాని, అది నోటితో ఏం చేస్తుందో చూడలేదు.

మనవాళ్ళకు మింగుడుపడని సంగతి ఇంకొకటి. అక్కడ పెద్ద కార్పును పులుసు పెట్టరు. తూచి, ఫొటో తీసి, తడి చాప మీద నుంచే మళ్ళీ నీళ్ళలో వదులుతారు. ఒకే చేప ఏళ్ళ తరబడి పదిమంది చేతుల్లో పడుతుంది, దానికి పేరూ పెడతారు. కెంట్‌లోని కానింగ్‌బ్రూక్ చెరువులో ‘టూ టోన్’ అనే చేప 2008లో 67 పౌండ్ల 14 ఔన్సులు, అంటే దాదాపు 31 కిలోలు తూగి బ్రిటిష్ రికార్డు అయింది. 2010లో చచ్చిపోతే, దాన్ని పట్టినవాళ్ళు వచ్చి పాతిపెట్టారు. తినడానికి కాక సరదాకు గాలం గుచ్చడం న్యాయమా అని మా ఇంట్లో అడిగారు. వల వేసి లారీలకెత్తే మనకు ఆ ప్రశ్న అడిగే హక్కు ఎంతవరకూ ఉందని నేను ఎదురడిగాను. వాదన తెగలేదు.

సరదాపడేవారికి ఒక మనవి. ఈ కట్టు అడుగున మేసే చేపలకే సరిగా పనిచేస్తుంది. మన చెరువుల్లో బంగారు తీగ, ఎర్రమోసు అటువంటివి. శీలావతి నడిమి నీటిలో తిరుగుతుంది. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, అది మేసేది పైనీటిలో, కనుక అడుగున ఉండ పెట్టి దానికోసం కాచుకోనక్కరలేదు. చేపను తిరిగి వదలదలిస్తే, గాలం మొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లును పటకారుతో నొక్కి అణచి, అప్పుడు కట్టండి.