సంగీతం నేర్చే పిల్లలకు ఏ సాఫ్ట్‌వేర్? ఖర్చు పెట్టేముందు తెలుసుకోవలసిన సంగతులు

మన సరిహద్దు గ్రామాలనుండి చెన్నై షోళింగనల్లూరుకు కాలేజీ చదువులకై, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకై వెళ్ళిన పిల్లలు ఎందరో ఉన్నారు. ఇటీవల ఒక తండ్రి నన్ను కలిసి, అక్కడ చదువుతున్న కుమారుడు పాటలు కూర్చే సాఫ్ట్‌వేర్ కొరకు 20,000 రూపాయలు అడుగుతున్నాడనీ, ఇవ్వవచ్చునా అనీ సలహా కోరినారు. ఆ సొమ్ము వేరుశనగ అమ్మగా వచ్చినది. ఇప్పుడే ఇవ్వవద్దని చెప్పితిని. అందుకు కారణాలు ఇతర తల్లిదండ్రులకు కూడ ఉపయోగపడగలవని ఇక్కడ వివరిస్తున్నాను.

ఎ.ఆర్. రెహమాన్ 1989లో చెన్నైలోని తన ఇంటి వద్ద పంచతన్ రికార్డ్ ఇన్ అనే స్టూడియో నెలకొల్పినారు. ఆనాడు అటువంటి ఏర్పాటుకు ఎంతో ధనం, ఎన్నో యంత్రాలు కావలసి వచ్చేవి. నేడు గొంతును రికార్డు చేయుట, తప్పు పడినచోట కత్తిరించి అతుకుట, ఒకదానిపై మరొకటి ట్రాకులు పేర్చుట వంటి మౌలికమైన పనులన్నీ పాత లాప్‌టాప్‌పై ఉచితంగా జరుగుతాయి. కనుక మొదట అడగవలసిన ప్రశ్న ధర ఎంత అని కాదు. మీ అబ్బాయి లేక అమ్మాయి పాడుతారా, వాయిస్తారా, లేక కీబోర్డుపై కూర్చుతారా అన్నది.

పాడే పిల్లలకు నేను చెప్పేది ఆడాసిటీ. దీనిని 1999లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో డొమినిక్ మజోని, రోజర్ డానెన్‌బర్గ్ ఆరంభించగా, 2000లో విడుదలైనది. పూర్తిగా ఉచితం, ఒకసారి దింపుకొన్న తరువాత ఇంటర్నెట్ లేకున్నను పనిచేయును. విద్యుత్తు, సిగ్నలు రెండూ నమ్మలేని మన ఊళ్ళకు ఇది చిన్న మేలు కాదు. ఇందులోని ‘జనరేట్’ మెనూలో ‘టోన్’ అన్నదానిని ఎంచుకొని 130.8 అని వ్రాసినచో ఒకటి శ్రుతి షడ్జమం వచ్చును. వేరొక ట్రాకులో 196.2 ఇచ్చినచో పంచమం. 5 శ్రుతిలో పాడే ఆడపిల్లలకు ఈ అంకెలు 196, 294. రెంటినీ మెల్లని ధ్వనిలో ఉంచి సాధన చేయవచ్చును. తంబురా మాధుర్యం రాదు గాని శ్రుతి తప్పదు. అదే మెనూలోని ‘రిథమ్ ట్రాక్’లో ఆవర్తానికి 8 దెబ్బలు పెట్టినచో ఆదితాళం, 7 పెట్టినచో మిశ్రచాపు సాధనకు లెక్క దొరకును.

కీబోర్డుపై కూర్చేవారికి ఎల్ఎమ్ఎమ్ఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ విండోస్, లినక్స్ రెండింటిపైనా ఉన్నది. డోలు, సింథసైజరు ధ్వనులు లోపలే ఉంటాయి. అయితే మైకునుండి గొంతును నేరుగా రికార్డు చేయు సౌకర్యం దాని 1.2 రూపంలో లేదు. ఈ సంగతి తెలియక పిల్లలు విసుగెత్తి వదలివేస్తారు. గొంతును ఆడాసిటీలో రికార్డు చేసి ఇందులోకి తెచ్చుకొనవలెను. ఫోను మాత్రమే ఉన్నవారికి బ్యాండ్‌ల్యాబ్, ఆపిల్ పరికరాలున్నవారికి గ్యారేజ్‌బ్యాండ్ ఉచితమే.

ఇక్కడ ఒక ముఖ్య విషయం. ఈ సాఫ్ట్‌వేర్లు పాశ్చాత్య సంగీతాన్ని మనసులో ఉంచుకొని తయారైనవి. వాటి కీబోర్డులో స్థాయికి 12 స్థిరమైన మెట్లే. మన తోడి, శంకరాభరణాలలోని గమకం ఆ మెట్ల నడుమ ఊగును. ‘పిచ్ బెండ్’ మీటతో కొంత అనుకరించవచ్చును గాని, ప్రారంభదశలోని పిల్లవాడు దానిని చూచి రాగం నేర్చినచో స్వరం బిగుసుకొనును. గురువు వద్ద నేర్చి, సాఫ్ట్‌వేరుతో రికార్డు చేసి వినుట మేలు. తెలుగు కృతులను తమిళనాట ఇంటింట పాడుకొనే చెన్నైలో గురువులకు కొదువ లేదు కదా!

దొంగ ప్రతుల జోలికి పోవద్దు. నా పూర్వవిద్యార్థి ఒకడు ఒక దుకాణంలో 300 రూపాయలకు ఖరీదైన సాఫ్ట్‌వేరు వేయించుకొన్నాడు. దానితోపాటు వచ్చిన వైరస్ వలన అతని అవ్వ పాడిన నాట్ల పాటలు, తెలుగులో మొదలై తమిళంలో ముగిసేవి, పోయినవి. ఆమె ఇప్పుడు లేరు.

ఖర్చు చేయదలచినచో మొదట తీగ గల హెడ్‌ఫోన్ కొనండి. బ్లూటూత్ రకంలో శబ్దం ఆలస్యమై తాళం తప్పును. హెడ్‌ఫోన్ లేకున్న శ్రుతి శబ్దం కూడ మైకులోకి చేరును. తరువాత సాధారణ యుఎస్‌బి మైకు. ఆరునెలలు విడువక సాధన చేసిన పిల్లలకు రీపర్ అనేది చూపవచ్చును. దానిని 60 రోజులు ఉచితంగా పరీక్షించవచ్చును. వ్యక్తిగత ఉపయోగానికి రాయితీ లైసెన్సు 60 డాలర్లు. ఎఫ్ఎల్ స్టూడియో ఉచిత నమూనాలో భద్రపరచిన పాటను కొనకుండా తిరిగి తెరువలేరని ముందే తెలుసుకొనండి.

రికార్డు చేసినదానిని వేవ్ ఫైలుగా ఉంచుకొనవలెను. మోనోలో నిమిషానికి సుమారు 5 ఎంబీ, అనగా అయిదు నిమిషాల కృతికి 25 ఎంబీ పైచిలుకు. ఒక ప్రతి లాప్‌టాప్‌లో, మరొకటి పెన్‌డ్రైవ్‌లో వేసి, ఆ పెన్‌డ్రైవ్‌ను ఊరిలోని ఇంట్లో ఉంచండి.