ప్రసవజ్వరము - ఒక వైద్యుని కథ

ప్రసవవేదన పడుచున్న తల్లికి జ్వరము వచ్చినచో ఆ కీడు తల్లితోనే ముగియదు. కడుపులోని శిశువునకును సోకవచ్చును. ఈ సత్యము లోకమునకు తెలియవచ్చిన విధమును నేడు మనవి చేసెదను.

ఆస్ట్రియా రాజధానియగు వియెన్నాలోని పెద్ద ఆసుపత్రిలో పూర్వము రెండు ప్రసవశాల లుండెడివి. 1840 తరువాత మొదటిదానిలో వైద్యవిద్యార్థులును, రెండవదానిలో మంత్రసానులును పని నేర్చుకొనుచుండిరి. 1846లో మొదటి శాలలో 4010 ప్రసవములు జరుగగా 459 మంది తల్లులు మరణించిరి. అనగా నూటికి 11 మందికి మించినది. రెండవ శాలలో నూటికి ముగ్గురైనను లేరు. ఊరిలోని పేదరాండ్రకు సయితము ఈ భేదము తెలియును. మొదటి శాలకు పంపవలదని వారు మోకరిల్లి వేడుకొనెడివారు. త్రోవలోనే ప్రసవించి వచ్చినవారికి ఈ జ్వరము అరుదుగా నుండెను.

అచట సహాయవైద్యుడగు సెమ్మెల్వైస్ మరియొకటి గమనించెను. నొప్పులు దీర్ఘకాలము సాగిన స్త్రీలు మొదటి శాలలో ప్రసవసమయముననో, వెనువెంటనేయో జ్వరపడి మరణించుచుండిరి. వారి శిశువులును, ఆడ మగ యను భేదము లేక, అట్లే మరణించుచుండిరి. తల్లి దేహమున కన్పట్టిన వికారములే బిడ్డ దేహమునను కన్పట్టెను.

1847 మార్చిలో ఆయన మిత్రుడు కొల్లెచ్కా అను ఆచార్యుడు, శవపరీక్షలో విద్యార్థి కత్తి వ్రేలికి గ్రుచ్చుకొని మరణించెను. ఆయన శరీరమునను బాలింతల గుర్తులే యుండెను! అంతట సెమ్మెల్వైస్‌కు చిక్కు విడిపోయెను. శవములను కోసిన చేతులతోనే విద్యార్థులు గర్భిణులను పరీక్షించుచుండిరి. నొప్పులు సాగినకొలది పరీక్షలును పెరిగెను. మే నెల నుండి ప్రతివాడును క్లోరిన్ నీటితో చేతులు కడుగుకొనవలెనని ఆయన శాసించెను. 1848లో 3556 ప్రసవములకు 45 మంది మాత్రమే మరణించిరి.

తమ చేతులే తల్లులను చంపినవని యొప్పుకొనుటకు పలువురు వైద్యులకు మనసు రాలేదు. సెమ్మెల్వైస్ మాత్రము, అట్టి మరణములకు తానును కారకుడనేయని తన గ్రంథమున వ్రాసికొనెను. 1865లో ఆయన పిచ్చియాసుపత్రిలో మరణించెను. 1879లో పాశ్చరు ఆ వ్యాధిబీజమును చూపిన పిదప గాని ఆయన మాట నిలువలేదు.

నేడు మనకు తెలిసినదేమి? ఉమ్మనీటి పొరలకు దోషము సోకి జ్వరము పుట్టినచో శిశువునకు ఊపిరి యందకపోవుట, రక్తమున విషము ప్రవేశించుట, మెదడునకు హాని కలుగుట సంభవింపవచ్చును. ప్రతి శిశువునకును ఇట్లగునని భయపడవలదు. సకాలమున మందు పడినచో పెక్కురు క్షేమముగా నుందురు. కాని నొప్పులలో జ్వరము 100.4 డిగ్రీలు చేరినచో దానిని నొప్పులవేడి యని త్రోసివేయరాదు. తక్షణమే వైద్యునకు తెలుపవలెను. పుట్టిన బిడ్డను సయితము కనిపెట్టి యుండవలెను.

పురిటింటి లోపలికి పెద్దలు పోరు. కాని బండిని పిలువుడను మాట గడప వెలుపల కూర్చున్న పెద్దల నోటనుండియే రావలెను. వియెన్నాలో పొరపాటు నొప్పుకొనుటకు జాగు చేసిరి. ఆ జాగునకు వెల యిచ్చినది తల్లులును, పసికందులును. మన గడపలో అట్టి జాగు కలుగకుండుగాక!